పిల్లలు చదువుతుంటే వినేదెవరు?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లు, ప్రాథమికోపాధ్యాయుల ముందు ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగమిది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభాధ్యక్షులకు, గ్రంథాలయాధికారి గారికి, తోటి ఉపాధ్యాయులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, మనవళ్లను చంకనెత్తుకుని వచ్చిన నాయనమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం. పిల్లలు అటూ ఇటూ తిరుగుతున్నారని ఎవరూ కంగారు పడవద్దు, తిరగనివ్వండి. వాళ్ల గురించి మాట్లాడుకునే సభలో వాళ్లనే నోరు మూసుకుని కూర్చోమనడం న్యాయం కాదు.

ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు పుస్తకాలు, ఫోన్లు, ఇంట్లోవాళ్లు ఏ విధంగా తోడ్పడగలరో చెప్పమని నన్ను పిలిచారు. ఈ మూడింటి గురించీ చెబుతాను. అయితే మూడింటికీ కలిపి అడగవలసిన ప్రశ్న ఒకటుంది, దాన్ని ముందే అడిగేస్తాను. మీ ఇంట్లో ఒకటో తరగతో, రెండో తరగతో చదువుతున్న బిడ్డ నిన్న పైకి చదివినప్పుడు పక్కన కూర్చుని విన్నదెవరు? హోంవర్కు ఎవరు చేయించారని అడగడం లేదు. ట్యూషనుకు ఎవరు పంపారని అడగడం లేదు. విన్నదెవరని అడుగుతున్నాను.

అసర్ అనే సర్వే గురించి మీలో కొందరు పత్రికల్లో చదివే ఉంటారు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ మనుషులను పంపి చేయిస్తున్న సర్వే అది. 2024 నివేదిక ప్రకారం, దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతున్న గ్రామీణ పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతం. కరోనాకు ముందు, 2018లో, ఆ సంఖ్య 20.9 శాతంగా ఉండేది; బడులు మూతపడి తెరుచుకున్నాక, 2022లో, 16.3 శాతానికి పడిపోయింది. అంటే పడిన చోటు నుంచి లేచాం, ఉన్న చోటు కన్నా కాస్త ముందుకే వచ్చాం. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా ఆ పాఠం చదవలేకపోతున్నారు. ఈ సంఖ్యల మీద ఏడాది పొడవునా చర్చలు జరుగుతాయి. వాటి కన్నా ఆ సర్వే జరిగే తీరు నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. సర్వేకు వచ్చిన మనిషి బిడ్డను ఒక్కడినే దగ్గర కూర్చోబెట్టుకుంటాడు. చేతికి ఒక కాగితం ఇస్తాడు. అందులో కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, చిన్న పేరా, కాస్త పెద్ద కథ ఉంటాయి. బిడ్డ పైకి చదువుతాడు, ఆయన వింటాడు. అంతే! కొద్ది నిమిషాల పని. మరి ఆ బిడ్డ చదువుతుంటే ఎవరైనా ఒక్కరే దగ్గర కూర్చుని అంత శ్రద్ధగా వినడం అంతకుముందు ఎన్నిసార్లు జరిగి ఉంటుంది?

బడిలో వింటారు కదా అంటారా? నేను బడి నుంచే వచ్చాను కాబట్టి లెక్క చెబుతాను. తరగతిలో ముప్పై మంది పిల్లలున్నారనుకుందాం, పీరియడు నలభై అయిదు నిమిషాలు అనుకుందాం. వేరే పని ఏదీ చేయకుండా ఒక్కొక్కరి చేతా చదివిస్తే తలా ఒకటిన్నర నిమిషం వస్తుంది. రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని చెప్పే టీచరు అయితే అదీ రాదు. అందుకని ఏం చేస్తాం? అందరి చేతా కలిపి చదివిస్తాం. గది దద్దరిల్లుతుంది. ఆ గొంతుల మధ్య పెదవులు మాత్రమే కదుపుతూ నెట్టుకొచ్చే పిల్లలుంటారు, వాళ్లు చెడ్డ పిల్లలు కారు, తెలివి తక్కువ పిల్లలూ కారు, వాళ్ల గొంతు విడిగా ఎవరికీ వినబడలేదు, అంతే. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణలో 2022లో తొలిమెట్టు అనే అలాంటి కార్యక్రమమే వచ్చింది. మంచి ప్రయత్నాలే. కానీ ఏ ప్రభుత్వమూ మీ ఇంటికి వచ్చి సాయంత్రం పూట మీ బిడ్డ పక్కన కూర్చోలేదు కదా.

మన లిపి సంగతి

మన పిల్లల విషయంలో ఈ వినడం మరీ అవసరం కావడానికి మన లిపి ఒక కారణం. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు, వాటి చిన్న బడీ పెద్ద బడీ, అంటే స్మాల్, క్యాపిటల్ అక్షరాలు కలిపితే యాభై రెండు ఆకారాలు. తెలుగులో అచ్చులు, హల్లులు నేర్చుకున్నంత మాత్రాన అయిపోదు. ఒక్కొక్క హల్లుకూ తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం చేరుతూ ఉంటాయి. కింద ఒత్తు వస్తుంది. ఒక్కోసారి ఒత్తు మీద ఒత్తు వస్తుంది. లెక్కపెడితే వందలాది ఆకారాలు. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపిని నేర్చుకునే పిల్లల మీద సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. అక్కడి పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడడం నాలుగో, అయిదో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని అందులో తేలింది. మన పిల్లల పరిస్థితి వేరుగా ఉంటుందనుకోవడానికి కారణం లేదు. కాబట్టి రెండో తరగతి బిడ్డ "స్త్రీ", "రాష్ట్రం" దగ్గర ఆగిపోయాడని తల పట్టుకోకండి. ఆగాలి మరి. మనం "అ" అంటే అమ్మ అని మొదలుపెట్టామంటేనే, మొదటి రోజే ఒత్తు తెచ్చి బిడ్డ ముందు పెట్టామన్నమాట!

గుణింతం విషయం ఇంటికి వెళ్లాక ఒకసారి చూడండి. "క, కా, కి, కీ" అని పాటలాగా గడగడా అప్పజెప్పే బిడ్డకు పుస్తకంలో ఒకచోట "కె" చూపించి ఇదేమిటని అడగండి. కొందరు వెంటనే చెబుతారు. కొందరు లోలోపల "క" నుంచి పాట ఎత్తుకుని, వేళ్లు మడుస్తూ "కె" దాకా నడిచి వచ్చి అప్పుడు చెబుతారు. ఆ బిడ్డకు పాట వచ్చింది, అక్షరం ఇంకా రాలేదు. గోడ మీద చార్టు చూస్తే ఈ తేడా తెలియదు, నోటుబుక్కులో పదిసార్లు రాసిన గుణింతం చూసినా తెలియదు. పక్కన కూర్చుని వింటే తెలుస్తుంది.

వినడమంటే తప్పులు పట్టడం అనుకునేరు. బిడ్డ "కప్ప బయటికి వచ్చింది" అన్న వాక్యం చదువుతోందనుకుందాం. "క... ప్ప... బ... య..." అని ఆగింది. మనం ఏం చేస్తాం? వెంటనే "బయటికి!" అని అందించేస్తాం. తొందర మనది. మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి. చాలాసార్లు ఆ అయిదు లోపల బిడ్డే కూడబలుక్కుని చెప్పేస్తుంది. అప్పటికీ రాకపోతే మొదటి రెండు అక్షరాలు మళ్లీ చదవమనండి, లేదా వాక్యం మొదటి నుంచి ఎత్తుకోమనండి. అప్పటికీ రాకపోతే చెప్పేసి ముందుకు నడిపించండి, అక్కడే పట్టుకుని వేలాడవద్దు. మరొకటి, ఆవు బొమ్మ ఉన్న పేజీలో "గోవు" అని రాసి ఉంటే బిడ్డ "ఆవు" అని చదువుతుంది. తిట్టకండి. బొమ్మ చూసి అర్థం పట్టుకుంది, అది తెలివే. "బొమ్మ బాగానే చూశావమ్మా, ఇప్పుడు ఈ మొదటి అక్షరం చూడు" అంటే చాలు. పేజీ అయిపోయాక ఒక్క ప్రశ్న అడగండి. "కప్ప ఎందుకు బయటికి వచ్చింది?" అని. పరీక్షలో అడిగినట్టు కాదు, పక్కింటి సంగతి అడిగినట్టు అడగండి. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వవేత్త బృందం పసిపిల్లలతో చేసిన ప్రయోగంలో, కథ చదివి వినిపించి ఊరుకున్న తల్లిదండ్రుల పిల్లల కన్నా, మధ్యమధ్య ప్రశ్నలు అడుగుతూ పిల్లలనే మాట్లాడించిన తల్లిదండ్రుల పిల్లల మాట ఎక్కువ ఎదిగిందని తేలింది. చదువు రాని మన ముసలమ్మలు కథ చెబుతూ "అప్పుడేమయింది చెప్పుకో?" అని ఊకొట్టించుకునేవారు, అది ఏ ప్రయోగశాలలో నేర్చుకున్నారు?

పుస్తకం, ఫోను

పుస్తకాల గురించి మన పెద్దవాళ్లకు ఒక బలహీనత ఉంది. మనం చదివి మురిసిపోయినవే పిల్లల చేతిలో పెడతాం. 1947 నుంచి దశాబ్దాల పాటు మన ఇళ్లకు వచ్చిన చందమామ పాత సంచికలు భద్రంగా దాచుకున్నవారున్నారు, నాకూ ఆ పత్రిక ప్రాణమే. కానీ పేజీ నిండా సన్న అక్షరాలు, పొడుగాటి వాక్యాలు ఉన్న కథను ఒకటో తరగతి బిడ్డ చేత చదివిస్తే ఏమవుతుంది? రెండో వరుసకే నీరసం వస్తుంది. అలాంటి కథలు మీరు చదవండి, బిడ్డ వింటుంది. బిడ్డ చదివి మీరు వినవలసిన పుస్తకం వేరు. పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, పదం పదానికీ మధ్య చోటు, వాక్యానికి సరిపడే బొమ్మ, మళ్లీమళ్లీ వచ్చే మాటలు ఉండాలి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయంలో అలాంటివి దొరుకుతాయి. హైదరాబాదులో మంచి పుస్తకం వారు ఇలాంటివి తక్కువ ధరకు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు తెరిచారు. అందులో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు.

స్టోరీవీవర్‌లో పుస్తకాలకు స్థాయిలు పెట్టారు. మొదటి స్థాయి అంటే సుమారు రెండు వందల యాభై పదాల లోపు, తేలిక మాటలతో ఉండేవి. మంచి ఏర్పాటే. కానీ ఆ స్థాయిని చూసి నిశ్చింతగా ఉండకండి. పదాల సంఖ్య తక్కువైనంత మాత్రాన ఒత్తులు తక్కువగా ఉండాలని లేదు. వేరే భాషల నుంచి వచ్చిన కథల్లో కొన్నిచోట్ల తెలుగు బిగుసుకుపోయి ఉంటుంది. అందుకని ముందు మీరు ఒకసారి పైకి చదవండి. మీ నాలుకే తడబడితే బిడ్డ నాలుక తడబడదా? పక్కన పెట్టేసి ఇంకొకటి తీయండి, అక్కడ కొదవ లేదు.

భాష విషయం కూడా ఒక మాట. పుస్తకంలో "వెళ్లాడు" అని ఉంటుంది, బిడ్డ ఇంట్లో "పోయిండు" అంటాడు, ఇంకో జిల్లా బిడ్డ "ఎల్లిపోనాడు" అంటాడు. పుస్తకం చదువుతూ ఇంటి మాట పలికాడంటే అర్థం చేసుకుంటూ చదువుతున్నాడన్నమాట, వెక్కిరించకండి. సవర, కోయ, గోండి మాట్లాడే ఇళ్ల పిల్లలకైతే బడిలో మొదటి రోజు తెలుగే పరాయి భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వాళ్ల భాషల్లోనే చదువు మొదలుపెట్టించే కార్యక్రమం వచ్చింది కూడా అందుకే.

ఇక ఫోను. వెనక వరుసలో ఫోను చూస్తున్న నాన్నలు ఒక్క నిమిషం ఇటు చూడాలి, ఇది మీ కోసమే! ఫోను మంచిదా చెడ్డదా అని నన్ను అడగకండి. రెండేళ్ల లోపు బిడ్డకు అసలు ఇవ్వవద్దనీ, రెండు నుంచి అయిదేళ్ల వరకు రోజుకు గంట మించకూడదనీ, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండగానేననీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వైద్యులు చెప్పారు. అది గీత. ఆ గీత లోపల ఫోనుతో ఏం చేస్తామన్నదే నా ప్రశ్న. బిడ్డకు కథ వీడియో పెట్టి మనం వంటింట్లోకి వెళితే ఏం జరుగుతోంది? ఫోను మాట్లాడుతోంది, బిడ్డ వింటోంది. మనకు కావలసింది దానికి తిరగేసిన పని. బిడ్డ చదవాలి, ఎదుటివారు వినాలి.

అలా వినే యాప్ ఒకటుంది. గూగుల్ వారు 2019లో బోలో అనే పేరుతో హిందీ, ఇంగ్లీషు పిల్లల కోసం మొదలుపెట్టారు. తరవాత రీడ్ అలాంగ్ అని పేరు మార్చారు, తెలుగు కూడా వచ్చింది. తెర మీద వాక్యం కనిపిస్తుంది, బిడ్డ పైకి చదువుతుంది, సరిగా చదివిన పదం రంగు మారుతుంది, రాని పదాన్ని వేలితో తాకితే పలికి వినిపిస్తుంది. దానికి ఒక గొప్ప గుణం ఉంది, విసుక్కోదు. వందసార్లు తప్పు చదివినా "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు" అనదు. మనం అంటాం! తప్పు చదువుతానేమోనని మన ముందు నోరు విప్పని పిల్లలకు అది పనికొస్తుంది. అయితే టీవీ మోగుతున్న గదిలో అది తికమక పడుతుంది, యాస తేడా వస్తే సరైన పదాన్నీ తప్పంటుంది, నక్షత్రాల కోసం బిడ్డ అర్థం పట్టించుకోకుండా పరుగెత్తినా దానికి తెలియదు. కప్ప ఎందుకు బయటికి వచ్చిందని బిడ్డతో కబుర్లాడడం దాని చేత కాదు. కాబట్టి పది నిమిషాలు యాప్ ముందు చదివిన కథనే ఆ తరవాత మీ ముందు చెప్పించండి.

పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు చూస్తున్నారు కదా, వాటిని స్కాన్ చేస్తే దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలోని పాఠాలు తెరుచుకుంటాయి. గేయం ఒకసారి వినిపించి, ఫోను పక్కన పెట్టి, అదే గేయాన్ని పుస్తకంలో వేలు పెట్టి చదవమనండి. సినిమా పాటలు కూడా పనికొస్తాయి. పాట వినబడుతుండగా అదే భాషలో సాహిత్యం కింద కదులుతుంటే చూసేవారికి చదువు మెరుగవుతుందని బ్రిజ్ కొఠారీ అనే పరిశోధకుడు 1996 నుంచి చెబుతూ, టీవీలో చేసి చూపిస్తూ వచ్చారు. మన దగ్గర ప్రతి సినిమాకూ లిరికల్ వీడియోలు విడుదల చేస్తున్నారు. కానీ ఏం లాభం? తెలుగు పాటకు చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాలే వేస్తున్నారు! తెలుగు అక్షరాలతో ఉన్నవి వెతికి పెట్టండి, బిడ్డకు నోటికి వచ్చిన పాట అయితే కళ్లు అక్షరాల వెంట వాటంతటవే పోతాయి.

చివరగా ఇంట్లోవాళ్లు. "నాకు చదువు రాదు టీచరమ్మా, నేనేం వింటాను?" అని అడిగే తల్లులను నేను చూస్తూ వచ్చాను. వాళ్లకు నేను చెప్పే మాట ఇదే. నీకు చదవడం రాకపోవచ్చు, నీ బిడ్డ చదువుతోందో అప్పజెబుతోందో కనిపెట్టడం నీకు వచ్చు. చూపు ఎక్కడుందో చూడు. కళ్లు పైకప్పు మీద ఉంటే కంఠస్థం చేసినది చెబుతున్నట్టు. వేలు ఒక పదం మీద, నోరు ఇంకో పదం మీద ఉన్నా తెలిసిపోతుంది. "కప్ప అన్నావు కదా, ఆ మాట ఎక్కడుందో చూపించు" అని అడుగు. "పైనుంచి వద్దు, కింది నుంచి రెండో వరుస చదువు" అని అడుగు. బొమ్మ మీద నీ అరచెయ్యి అడ్డం పెట్టి చదవమను. ఇవన్నీ చేయడానికి ఏ తరగతి పాసవ్వాలి? బియ్యం బస్తా మీద పేరు, బస్సు బోర్డు, కిరాణా కొట్టు పేరు చదివి చెప్పమను. నీకు నిజంగా అవసరమై అడుగుతున్నావు కాబట్టి బిడ్డకూ అది ఆటలాగా ఉండదు, బాధ్యతగా చదువుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గే తండ్రి అయినా ఆ తెలుగు పేజీ పక్కన కూర్చోగలడు.

ఊళ్లో లేని నాన్నల సంగతి? కడప నుంచి, కరీంనగర్ నుంచి కువైట్‌కు, దుబాయ్‌కి వెళ్లిన వాళ్లు ఎంతమంది లేరు! రాత్రి డ్యూటీ దిగాక వాళ్లు వీడియో కాల్ చేసేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది, మేలుకుని ఉన్నా "తిన్నావా, బడికి పోయినావా" తరవాత మాటలు ఉండవు. సాయంత్రం బిడ్డ చదివిన ఒక పేజీని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ చేసి పంపించండి. ఆయన తీరిక దొరికినప్పుడు వింటాడు, రెండుసార్లు వింటాడు, "ఆ కప్ప మళ్లీ చెరువులోకి పోయిందా లేదా, రేపు చదివి చెప్పు" అని తిరిగి పంపుతాడు. ఇక బిడ్డ చేత మరునాడు పుస్తకం తీయించడానికి మీరు అరవక్కర్లేదు, నాన్నకు జవాబు చెప్పాలి కదా! వారం క్రితం పంపినదీ ఈ రోజు పంపినదీ పక్కపక్కన పెట్టి వింటే బిడ్డ ఎంత ముందుకు వచ్చిందో తండ్రికీ తెలుస్తుంది, బిడ్డకూ తెలుస్తుంది. అమెరికాలో ఉన్న మనవలకు ఇక్కడి తాతయ్యలు ఇదే పని అటునుంచి ఇటుగా చేయవచ్చు. అక్కడ మనబడి తరగతుల్లో వారానికి ఒకసారి తెలుగు నేర్చుకునే పిల్లలకు మిగతా ఆరు రోజులూ ఆ అక్షరాలు పైకి చదివి వినిపించడానికి ఒక మనిషి కావాలి. ఇక్కడ మధ్యాహ్నం పూట తోచక కూర్చున్న తాతయ్యల కన్నా తగినవారెవరు?

ఉపాధ్యాయులకు, గ్రంథాలయ సిబ్బందికి కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను. పుస్తకాలను బీరువాల్లో పెట్టి తాళం వేయకండి. చిరిగితే స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పాలన్న భయం నాకు తెలుసు, ఆ రిజిస్టరు నేనూ రాసినదాన్నే. పిల్లల పుస్తకం చిరగడం సహజమని పై అధికారులు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ తాళాలు సగం ఊడిపోతాయి, ఈ మాట అధ్యక్షుల వారు పైకి చేరవేయాలని కోరుతున్నాను. ఇంటి పన్నుతో పాటు మనందరం గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం, ఆ పుస్తకాలు మన పిల్లలవే.

ఇప్పుడు అందరూ లేచి వెళ్లబోయే ముందు అదుగో, కిటికీ పక్క బల్ల మీద పిల్లల పుస్తకాలు పరిచి ఉన్నాయి. మీరు ఎంచకండి, పిల్లలనే ఎంచుకోనివ్వండి. ఎంచుకున్నాక ఏదో ఒక పేజీ తీసి అక్కడే పైకి చదవమనండి, మీరు వినండి. ఒక్క పేజీలో అయిదు చోట్ల కన్నా ఎక్కువ ఆగితే దాన్ని మీరు చదివి వినిపించడానికి తీసుకెళ్లండి, బిడ్డ చదవడానికి ఇంకొకటి తీయండి. సభ్యత్వం ఫారాలు గ్రంథాలయాధికారి గారి దగ్గర ఉన్నాయి, నింపడం రానివారికి మా టీచర్లు నింపి పెడతారు. పెన్నులు తెచ్చుకున్నవాళ్లు కాస్త పక్కవాళ్లకు కూడా ఇవ్వండి. నమస్కారం.